వెన్నెముక వక్రతలు: రోగనిర్ణయ లేఖనము, సంకేత నిర్దేశము

వీపు వంగిన మనుష్యుని చూచి తెలుగువారు 'గూని' అందురు. మన సీమలో ఉర్దూ మాటలాడువారు 'కుబ్డా' అందురు. రెండు మాటలును కంటికి కనబడిన రూపమును మాత్రమే తెలుపును. ఆ వంపు పుట్టుకతో వచ్చినదా, క్షయవలన వచ్చినదా, త్రాగునీటివలన వచ్చినదా, గనిలో బండ మీదపడుటవలన వచ్చినదా అను ప్రశ్నకు వానిలో సమాధానము లేదు. వీధిలో ఆ మాట మనుష్యుని మనస్సును నొప్పించును. ఆసుపత్రి కాగితముపై అదే మాట నిలిచినచో అంతకు మించిన హాని కలుగును. చికిత్స ఆలస్యమగును, బీమా సొమ్ము నిలిచిపోవును, ఒక ప్రాంతమును పీడించు వ్యాధి ప్రభుత్వ గణాంకములలోనికి రాకుండ పోవును.

మెడికల్ కోడింగు అని నేడు అందరును పిలుచు సంకేత నిర్దేశము పైకి గుమాస్తా పనివలె కనబడును. కాని కోడరు ఇచ్చు సంకేతము వైద్యుడు వ్రాసిన వాక్యమునకు నీడ వంటిది. వెన్నెముక వక్రత విషయమున ఆ వాక్యములో కారణము, స్థానము, వయస్సు, కొలత అను నాలుగు అంశములు ఉండవలెను. ఇందులో ఏ ఒక్కటి లోపించినను సంకేతము రోగిని గూర్చి పూర్తి నిజము చెప్పజాలదు. ఈ నాలుగింటిని విద్యార్థులకు వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వెన్నెముక స్వరూపము, కొలత

మానవుని వెన్నెముకలో మెడయందు 7, ఛాతీ భాగమున 12, నడుమున 5 పూసలు విడివిడిగా ఉండును. వాని క్రింద త్రికాస్థిగా కలిసిపోయిన 5 పూసలును, అనుత్రికాస్థిగా కలిసిన సుమారు 4 పూసలును చేరి మొత్తము 33 అగును. ప్రక్కనుండి చూచినచో ఆరోగ్యవంతుని వెన్నెముకయు నిట్టనిలువుగా ఉండదు. ఛాతీ భాగమున వెనుకకును, మెడలోను నడుములోను ముందునకును కొలదిగా వంగియుండును. నడకలోని అదురును ఓర్చుకొనుటకు ఈ వంపులు తోడ్పడును. వెనుకనుండి చూచినప్పుడు మాత్రము అది తిన్నగా ఉండవలెను.

ఛాతీ భాగపు వంపు మితిమీరినచో కైఫోసిస్ అనియు, నడుము మితిమీరి ముందునకు వంగినచో లార్డోసిస్ అనియు, వెన్నెముక ప్రక్కకు వంగినచో స్కోలియోసిస్ అనియు వైద్యులు వ్యవహరింతురు. ఇవి గ్రీకు భాషనుండి వచ్చిన పదములు. తెలుగున క్రమముగా వెనువంపు, ముందువంపు, ప్రక్కవంపు అని చెప్పుకొనవచ్చును. ప్రక్కవంపులో పూసలు కొంత మెలితిరుగును. అందుచేత ఒకవైపు ప్రక్కటెముకలు ఉబ్బి, ఒక భుజము రెండవదానికంటె ఎత్తుగా కనబడును. బిడ్డను ముందునకు వంగుమని చెప్పి వీపును వెనుకనుండి చూచినచో ఈ ఉబ్బు తేటపడును. ఆంగ్ల వైద్యుడు విలియం ఆడమ్స్ 1865లో వివరించిన ఈ పరీక్షకు ఏ పరికరమును అక్కరలేదు.

కంటితో చూచినది అనుమానము. దానిని నిర్ధారించునది కొలత. అమెరికా శస్త్రవైద్యుడు జాన్ రాబర్ట్ కాబ్ 1948లో ప్రచారము చేసిన పద్ధతియే నేటికిని ప్రమాణముగా నున్నది. నిలుచున్నప్పుడు తీసిన ఎక్స్-రేలో, వంపునకు పైకొనయందు ఎక్కువగా ఒరిగిన పూస పైతలమునుండి ఒక గీతయు, క్రిందికొనయందు ఎక్కువగా ఒరిగిన పూస అడుగుతలమునుండి ఒక గీతయు గీసి, ఆ రెండింటి నడిమి కోణమును కొలుతురు. ప్రక్కవంపు 10 డిగ్రీలు గాని అంతకు మించి గాని ఉన్ననే దానిని స్కోలియోసిస్ అందురు. ఎదుగు వయస్సు బిడ్డలో వంపు సుమారు 25 డిగ్రీలు దాటినచో బ్రేసు తొడిగించుటను, 45 లేక 50 డిగ్రీలు దాటినచో శస్త్రచికిత్సను గూర్చి వైద్యులు ఆలోచింతురు.

కొలతకు తేదీ తప్పనిసరి. యాగంటి ఉమామహేశ్వరాలయములోని బసవయ్య పెరుగుచున్నాడని మన ప్రాంతమున తరతరముల నమ్మకము. పూర్వము ఆయన చుట్టును ప్రదక్షిణము చేయుటకు చోటుండెడిదని పెద్దలు చెప్పుదురు. అట్టి మాటను పరీక్షింపగోరువాడు నేటి కొలతను తేదీతో వ్రాసియుంచి, కొన్ని ఏండ్లకు అదే చోట, అదే విధముగా మరల కొలువవలెను. పిల్లల వెన్నువంపు విషయమునను ఇదియే నియమము. 'వంపు పెరిగినది' అను మాటకు విలువ రావలెనన్నచో మునుపటి కోణమును, నేటి కోణమును, రెండింటి తేదీలును కాగితముపై ఉండవలెను. ఇద్దరు వైద్యులు ఒకే ఎక్స్-రేను కొలిచినను 5 డిగ్రీల వరకు భేదము రావచ్చును గనుక, ఏ పూసనుండి ఏ పూసవరకు కొలిచిరో కూడ వ్రాయుట మంచిది.

అంతర్జాతీయ వర్గీకరణము

రోగములకు ప్రపంచమంతట ఒకే పట్టిక ఉండవలెనను యత్నము 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలన్ సమర్పించిన మరణకారణముల జాబితాతో ఒక రూపమునకు వచ్చెను. 1948లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆరవ సవరణను చేపట్టినప్పుడు మరణకారణములతోపాటు ప్రాణాపాయము లేని రోగములును అందులో స్థానము పొందెను. వంగిన వీపు వంటి దీర్ఘబాధలు లెక్కకు వచ్చుటకు ఈ మార్పే మార్గము తెరచెను. ఐ.సి.డి. అని పిలువబడు ఈ వర్గీకరణమున పదవ సవరణ 1990లో ఆమోదింపబడి, 1994నుండి వాడుకలోనికి వచ్చెను. పదునొకండవ సవరణ 2019లో ఆమోదము పొంది, 2022 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. అయినను అనేక ఆసుపత్రులలో పదవ సవరణయే వాడుకలో నున్నందున మన ఉదాహరణములు దానినుండియే గ్రహింపబడినవి.

పదవ సవరణలో ఎముకలు, కండరముల రోగములు 'ఎం' అను అక్షరముతో ప్రారంభమగును. వెనువంపును, ముందువంపును ఎం 40 క్రింద చేర్చిరి. అందు ఎం 40.0 కూర్చుండు, నిలుచుండు తీరువలన కలిగిన వెనువంపు, ఎం 40.1 మరియొక వ్యాధివలన కలిగినది, ఎం 40.2 ఇతర విధములును, వివరము తెలియనివియు. ప్రక్కవంపు ఎం 41. శిశువులలో కారణము తెలియకుండ వచ్చునది ఎం 41.0, బాల్య, కౌమారములలో వచ్చునది ఎం 41.1, నరములు, కండరముల వ్యాధివలన వచ్చునది ఎం 41.4, వివరము లేనిది ఎం 41.9. పోలియో సోకి కండరములు క్షీణించినవారి ప్రక్కవంపు ఎం 41.4 లోనిది; పోలియో పూర్వరోగమని తెలుపుటకు బి 91 అను సంకేతము కలదు. భారతదేశము పోలియోరహితమని 2014లో ప్రకటింపబడినను, పూర్వము ఆ వ్యాధి సోకినవారు నేటికిని మన మధ్య నున్నారు.

పుట్టుకతో పూసలు సరిగా ఏర్పడనందున కలిగిన ప్రక్కవంపు ఎం 41 లో చేరదు. దాని స్థానము జన్మలోపముల అధ్యాయమునందలి క్యూ 76.3. శస్త్రచికిత్సవలనను, కిరణచికిత్సవలనను కలిగిన వక్రతలు ఎం 96 లోనికి పోవును. కౌమారమున పూసల అంచులు చెడి వచ్చు షాయర్మాన్ వ్యాధి ఎం 42.0 అగును. ఒక శీర్షికలో చేరనివి ఏవో ఆ శీర్షిక క్రిందనే వ్రాసియుండును. ఆ సూచనలను చదువక సంకేతమిచ్చుట ఈ విద్యలో తరచుగా జరుగు పొరపాటు.

అమెరికాలో 2015 అక్టోబరు 1వ తేదీనుండి ఇదే పదవ సవరణ మరింత సూక్ష్మముగా విభజింపబడి వాడబడుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికలో ఎం 41.1 గా కలిసియున్న బాల్య, కౌమార వక్రతలు అక్కడ ఎం 41.11, ఎం 41.12 అని వేరుపడెను. ఆరవ అంకె స్థానమును తెలుపును. కౌమారమున ఛాతీ భాగమునందలి ప్రక్కవంపు ఎం 41.124; అదే నడుమున నున్నచో ఎం 41.126, స్థానము వ్రాయబడనిచో ఎం 41.129. వైద్యుడు 'ఛాతీ భాగము' అను ఒక్కమాటను మరచినంతనే సంకేతము 'స్థానము తెలియదు' అని చెప్పును.

ఒకే మాట, నాలుగు వ్యాధులు

యాగంటి కొండలనుండి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల దిక్కునకు పోవుచుండగా నాపరాతి గనులు కనబడును. ఆ పల్లెలనుండి నలుగురు రోగులు ఒకే దినమున నంద్యాలలోని ఒక ఆసుపత్రికి వచ్చిరని ఊహింతము. వీరు పాఠముకొరకు కల్పించుకొన్నవారు. నలుగురిని గూర్చియు ఇంటివారు చెప్పిన మాట ఒక్కటే: వీపు వంగినది.

మొదటిది 13 ఏండ్ల బాలిక. జడ వేయుచు తల్లి ఒక భుజము ఎత్తుగా నున్నదని గుర్తించెను. ఎక్స్-రేలో ఛాతీ భాగమున 32 డిగ్రీల ప్రక్కవంపు కలదు. పూసల నిర్మాణము సక్రమముగా నున్నది. నరముల దోషము లేదు. కారణము తెలియని కౌమార ప్రక్కవంపుగా వైద్యుడు నిర్ణయించినచో సంకేతము ఎం 41.1.

రెండవవాడు 45 ఏండ్ల గని కూలీ. బండ మీదపడి ఛాతీ భాగపు 12వ పూస నలిగినది. గాయము క్రొత్తదైనచో ఎస్ 22.0. ఏండ్లు గడచి, మానిన పూస వంగియే నిలిచిపోయినచో అది ఎం 40.1 అగును, పాత విరుపు ఫలితమని తెలుపు టి 91.1 దానితో చేరును. గాయపు తేదీ లేనిదే ఈ రెంటిలో ఏది వ్రాయవలెనో నిర్ణయింప వీలుకాదు.

మూడవది 68 ఏండ్ల వృద్ధురాలు. ఆమెకు దెబ్బ తగులలేదు. ముట్లుడిగిన పిదప ఎముకలు గుల్లబారి, నీళ్ళబిందె ఎత్తినప్పుడు పూస కుంగినది. దీనికి సంకేతము ఎం 80.0. 'పూస విరిగినది' అని మాత్రమే వ్రాసినచో కోడరు దానిని గాయముగా భావించును. ఎముకల బలహీనతకు చికిత్సయు మరుగునపడును.

నాలుగవవాడు 25 ఏండ్ల యువకుడు. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, వీపు నడుమ మొనదేలిన వంపు. పరీక్షలో వెన్నెముక క్షయ బయటపడెను. 1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన వ్యాధి ఇదియే. ఇచట రెండు సంకేతములు వలయును: మూలవ్యాధికి ఎ 18.0, అది వెన్నెముకలో ప్రకటమైనదనుటకు ఎం 49.0. పట్టికలో మొదటిదానికి బాకు గుర్తు, రెండవదానికి నక్షత్రపు గుర్తు ఉండును. మూలవ్యాధియే ముందుండవలెను, నక్షత్రపు సంకేతము ఒంటరిగా నిలువరాదు.

ఈ నలుగురి కాగితములపైనను 'వెన్నునొప్పి' అని మాత్రమే వ్రాసినచో అందరికిని ఎం 54.9 అను ఒకే సంకేతము వచ్చును. ఒకరికి బ్రేసు, ఒకరికి గాయచికిత్స, ఒకరికి ఎముకల బలమునకు మందులు, ఒకరికి నెలల తరబడి క్షయమందులు కావలసియుండగా, రికార్డులో నలుగురును ఒక్కరే అయిపోవుదురు.

నెల్లూరు, నల్గొండలు నేర్పిన పాఠము

ఇట్టి లేఖనము ఒక్క రోగికి మాత్రమే గాక ఒక ప్రాంతమునకే మేలు చేయుననుటకు మన తెలుగునేలయే సాక్ష్యము. నాటి నెల్లూరు జిల్లాలోని కొన్ని పల్లెలలో నడివయస్సువారి వెన్నెముక బిగిసి, వంగి, కాళ్ళు చచ్చుబడుచుండెను. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఈ వ్యాధిని పరిశోధించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించిరి. 1955లో ఎ.హెచ్. సిద్దీఖీ నల్గొండ జిల్లాలోని ఇట్టి వ్యాధిని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను.

ఫ్లోరైడు అధికమైన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారిలో ఎముకలు దట్టమగును, స్నాయువులలో సున్నము పేరుకొనును, పూసలు ఒకదానితో నొకటి బిగిసిపోవును. తుదకు వెన్నుపాము నొక్కుకొనిపోవును. భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము లోపుగా నుండుట మేలు. వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ 1970 దశకమున రూపొందించెను. అది నేడు 'నల్గొండ పద్ధతి' అను పేరుతో ఇతర దేశములలోను తెలియును.

పదవ సవరణలో ఎముకల ఫ్లోరోసిస్‌నకు ఎం 85.1 అను ప్రత్యేక సంకేతము కలదు. అట్టి రోగి కాగితముపై ఎం 54.9 అని పడినచో ఆ మనుష్యుడు వెన్నునొప్పివారి లెక్కలో కలిసిపోవును. అతని ఊరి బావి ఎవరి దృష్టికిని రాదు. ఎం 85.1 అని పడినచో, ఒకే ఊరినుండి అట్టి సంకేతములు పది చేరిన నాడు నీటిని పరీక్షింపవలెనని లెక్కలే చెప్పును. అందుచేత వెన్నెముక బిగిసిన రోగిని 'ఏ ఊరు? ఏ నీరు త్రాగుదువు?' అని అడిగి, సమాధానమును వ్రాయుటయు రోగనిర్ణయములో భాగమే.

లేఖనము ఎట్లుండవలెను

పై బాలికను గూర్చి 'గూని, నొప్పి, మందులు ఇవ్వబడినవి' అని వ్రాసినచో కోడరు చేయగలిగినది ఏమియు లేదు. దానికి మారుగా ఇట్లు వ్రాయవచ్చును: 'బాలిక, 13 ఏండ్లు. కారణము తెలియని కౌమార ప్రక్కవంపు. ఛాతీ భాగము, 5వ పూసనుండి 12వ పూసవరకు, ఉబ్బు కుడివైపు. నిలుచున్నప్పటి ఎక్స్-రేలో కాబ్ కోణము 32 డిగ్రీలు. ఎముకల పెరుగుదల ఇంకను మిగిలియున్నది. కాళ్ళలో బలహీనత లేదు. బ్రేసు సూచింపబడినది. 4 నెలలకు మరల ఎక్స్-రే.' ఇంత వ్రాయుటకు రెండు నిమిషములు చాలును. కారణము, స్థానము, వయస్సు, కొలత అన్నియు ఇందులో నున్నవి. ఈమెను తరువాత చూడబోవు కర్నూలు వైద్యునకు గాని, హైదరాబాదు వైద్యునకు గాని ఏ అంశమును మరల మొదటినుండి వెదకవలసిన పనిలేదు.

కోడరు హద్దులు

హైదరాబాదులో అనేక సంస్థలు అమెరికా ఆసుపత్రుల రికార్డులకు సంకేతములు ఇచ్చుచున్నవి. జీవశాస్త్రము, ఫార్మసీ, నర్సింగు చదివిన తెలుగు యువతీయువకులు పలువురు ఈ వృత్తిలో నున్నారు. మన విద్యార్థులలో కొందరును రేపు ఇందులో ప్రవేశింపవచ్చును. వారు మొదట నేర్వవలసినది తమ హద్దు. కోడరు రోగనిర్ణయము చేయరాదు. 'క్షయ కావచ్చును' అని వైద్యుడు బయటిరోగి కాగితముపై వ్రాసినచో, అమెరికా నియమముల ప్రకారము దానిని క్షయగా కోడు చేయరాదు. నిర్ధారణ అగువరకు నొప్పి, జ్వరము మున్నగు లక్షణములకే సంకేతమీయవలెను. ఆసుపత్రిలో చేరి వెడలిన రోగి విషయమున అక్కడి నియమము వేరు. విడుదలనాటికి అనుమానముగానే మిగిలిన వ్యాధిని ఉన్నట్లుగానే కోడు చేయుదురు.

సందేహము కలిగినచో వైద్యుని వ్రాతమూలకముగా ప్రశ్నింపవలెను. ఆ ప్రశ్న సమాధానమును నోటికి అందించునదిగా ఉండరాదు. 'ఇది క్షయవలన వచ్చిన వంపే కదా?' అని అడుగుట తప్పు. 'ఛాతీ భాగపు వంపునకు కారణమును దయతో తెలుపుడు' అని అడుగుట ఒప్పు. ఎక్కువ సొమ్ము వచ్చు సంకేతమును ఎన్నుకొనుట మోసము. వ్రాసియున్న వివరమును విడిచి 'తెలియదు' అను సంకేతమునిచ్చుట సోమరితనము. రెండింటివలనను నష్టపోవునది రోగియే.

కాగితముపై ఆధారపడిన హక్కులు

ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో ప్రారంభమై, 2024లో ఎన్.టి.ఆర్. వైద్యసేవగా పేరు మారిన పథకమున శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి పొందవలెనన్నచో రోగనిర్ణయమును, దానికి ఆధారమైన పరీక్షలును సమర్పింపవలెను. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద అనేక సౌకర్యములకు కనీసము 40 శాతము వైకల్యము ధ్రువపడవలెను. వెన్నెముక వైకల్యమును అంచనా వేయు వైద్యులు మొదట చూచునది మునుపటి రికార్డులనే. గనిలో నడుము విరిగిన కూలీకి గాయపు తేదీయు, విరిగిన పూసయు వ్రాసిన కాగితము లేనిచో అతని కష్టమునకు సాక్ష్యము దొరకదు.

ఆడపిల్ల వీపు వంపును పెండ్లి భయముచేత ఇంటివారు దాచిపెట్టుట మనలో కలదు. ఎదుగు వయస్సులో బ్రేసుతో ఆపదగిన వంపు, దాచిన ఏండ్లలో శస్త్రచికిత్స దాకా పోవచ్చును. పాఠశాలలో ఏడాదికొకసారి వ్యాయామోపాధ్యాయులు పిల్లలను ముందునకు వంచి వీపులను చూచుటకు ఖర్చేమియు లేదు. బాలికలను ఉపాధ్యాయినులే ఏకాంతముగా పరీక్షింపవలెను. అనుమానము కలిగిన బిడ్డను ఆసుపత్రికి పంపునప్పుడు 'గూని' అను మాటను విడిచి, ఏ భుజము ఎత్తుగా నున్నదో, ఏవైపు ఉబ్బినదో, ఎప్పటినుండి గమనించిరో తేదీతో వ్రాసి పంపవలెను. ఆ చీటీయే రోగి రికార్డునకు మొదటి పుట.